అబింగ్‌డన్‌కి కొత్తగా వస్తున్నాం, అమ్మానాన్నలకి ఏం చూపించాలి?

రాజమండ్రి కొత్తవాడు:
అందరికీ నమస్కారం. అక్టోబర్ మొదట్లో నేనూ మా ఆవిడా ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ దగ్గరున్న అబింగ్‌డన్‌లో దిగుతున్నాం. ఆఫీసు మిల్టన్ పార్క్‌లో. వచ్చే జూన్‌లో అమ్మానాన్న రెండు నెలలు ఉండటానికి వస్తారు. కారు ఇప్పట్లో కొనం. నాన్నకి మోకాళ్ల నొప్పి. ఊళ్లోనే నెమ్మదిగా నడిచి చూడదగ్గవి ఏమైనా ఉన్నాయా, లేక ప్రతి వారం ఆక్స్‌ఫర్డ్ బస్సెక్కాల్సిందేనా?

ఆక్ స్ట్రీట్ బాధితుడు:
చూడదగ్గవి తర్వాత. ఇల్లు ఎక్కడ, ఏ రోజు దిగుతున్నారు? అక్టోబర్ మొదట్లో అనగానే నాకు గుండె గుభేలుమంది.

ఆ నెలలో అబింగ్‌డన్‌లో మైకెల్‌మస్ జాతర అని ఒకటుంది. సోమ, మంగళవారాల్లో ఆక్ స్ట్రీట్ పొడవునా పెడతారు. రోడ్డు మూసేస్తారు, బస్సులు వేరే దారిన పోతాయి. ఆ వీధిలోని నా పాత ఫ్లాట్ అగ్రిమెంటు సరిగ్గా ఆ సోమవారంతో అయిపోయింది. నాకు జాతర సంగతే తెలీదు. వ్యాన్ మాట్లాడుకుని పొద్దున్నే వెళ్తే, రోజూ బస్సు ఆగే చోట బంపర్ కార్లు నిలబెట్టారు. వ్యాన్ వాడు అటు చూశాడు, నా వంక చూశాడు, మరో వీధిలో ఆపి కూర్చున్నాడు. ఇక పరుపు, మిక్సీ, బియ్యం బస్తా అన్నీ నేనూ మా ఫ్రెండూ చేతుల మీద మోశాం. ఆవకాయ జాడీ చంకలో పెట్టుకుని దెయ్యాల గుహ ముందు నుంచి మూడుసార్లు నడిచా. మూడోసారికి టికెట్లమ్మే అమ్మాయి చెయ్యి కూడా ఊపింది.

మధ్యాహ్నం ఇవ్వాల్సిన తాళాలు సాయంత్రం ఇచ్చా. ఓనరు ఒక రోజు అద్దె అదనంగా వేశాడు. పైగా ఇంట్లో వంట వాసన ఉందని, క్లీనింగ్‌కి 180 పౌండ్లు డిపాజిట్‌లోంచి కోస్తానన్నాడు. రూల్ రాసి పెట్టుకోండి: డిపాజిట్ ఐదు వారాల అద్దెకి మించకూడదు (ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు అయితే). తీసుకున్న 30 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించిన స్కీములో పెట్టి, ఆ కాగితం మనకివ్వాలి. తగాదా వస్తే ఆ స్కీము వాళ్లే ఉచితంగా తీరుస్తారు, డబ్బు ఎందుకు కోస్తున్నాడో రుజువు చూపాల్సింది ఓనరు. నా దగ్గర దిగిన రోజు తీసిన ఫోటోలు ఉన్నాయి కాబట్టి ఓవెన్‌కి 20 పౌండ్లు పోగా మిగతాదంతా వచ్చింది. ఆ తగాదా తేలేదాకా రెండు నెలలు టెన్షన్‌తో నిద్ర లేదు.

రాడ్లీ అక్క:
తమ్ముడూ, ఈ కథ మేం నాలుగోసారి చదవడం. ఆ అబ్బాయి అడిగింది నాన్నగారికి ఏం చూపించాలని.

రాజమండ్రి వాళ్లయితే ముందు లాకుల దగ్గరికి తీసుకెళ్లు బాబూ. థేమ్స్ ఒడ్డున దారంతా చదును, మోకాళ్లకి ఇబ్బంది లేదు. పడవ లోపలికి రావడం, తలుపులు మూయడం, నీళ్లు నెమ్మదిగా నిండి పడవ పైకి లేవడం. మా మామగారిది ధవళేశ్వరం. ఇంగ్లండ్ వచ్చాక మొదటిసారి ఆయన ముఖం వెలిగింది అక్కడే. బెంచీ మీద కూర్చుని వచ్చిన ప్రతి పడవకీ మాకు లెక్చరు ఇచ్చారు.

సెయింట్ హెలెన్స్ చర్చి నది పక్కనే. లోపల పక్కపక్కనే ఐదు నడవలు, పొడవు కంటే వెడల్పే ఎక్కువ. 1390 ప్రాంతంలో రంగులేసిన చెక్క కప్పు ఉంది, తలెత్తి చూడాలి. పక్కనే 1446 నాటి సత్రం గదుల వరస. వాటిలో ఇప్పటికీ పెద్దవాళ్లు కాపురం ఉంటున్నారు, కిటికీల్లోకి తొంగిచూడొద్దని నాన్నగారికి ముందే చెప్పు. అబ్బే గార్డెన్స్‌లో రాతి తోరణాలు కనిపిస్తాయి. అందరూ మఠం శిథిలాలనుకుని ఫోటోలు దిగుతారు. అసలు మఠాన్ని 1538లో మూయించారు. ఇవి 19వ శతాబ్దంలో తోట అందం కోసం పాత రాళ్లతో పేర్చినవి. అయినా ఫోటో బాగానే వస్తుంది.

కౌలీ రోడ్:
బన్నుల సంగతి చెప్పలేదేం అక్కా? ఏటా కౌంటీ హాల్ పైనుంచి జనం మీదకి బన్నులు విసురుతారు. మిస్ కావద్దు.

డిడ్‌కాట్ బాబాయ్:
ఏటా కాదయ్యా. రాజకుటుంబంలో పట్టాభిషేకమో, పెళ్లో, జూబ్లీనో, అలాంటి పెద్ద సందర్భాలకే. 1761లో మూడో జార్జ్ పట్టాభిషేకం నుంచి ఉంది. 2022లో రాణి జూబ్లీకి వేశారు, 2023లో చార్లెస్ పట్టాభిషేకానికి వేశారు. మన దగ్గర రథం మీదకి జనం అరటిపళ్లు విసురుతారు, ఇక్కడ పైనుంచి పెద్దమనుషులు జనం మీదకి విసురుతారు. 2023లో నాకు ఒకటి నుదుటి మీద తగిలింది, దాన్ని పక్కవాడు ఏరుకున్నాడు. పాత బన్నులు వార్నిష్ పూసి అదే హాల్లో మ్యూజియంలో పెట్టారు. మ్యూజియం ఉచితం. పైకప్పుకి మాత్రం మెట్లెక్కాలి, నాన్నగారిని కిందే కూర్చోబెట్టండి.

జూన్ 19కి దగ్గరి శనివారం ఆక్ స్ట్రీట్ ఉత్తుత్తి మేయర్ ఎన్నిక. ఓటు ఆ వీధివాళ్లకే. గెలిచినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్తారు, మోరిస్ అనే ఇంగ్లిషు జానపద నృత్యం చేసేవాళ్లు కాళ్లకి గజ్జెలు కట్టుకుని పబ్బుల ముందు ఆడతారు. వాళ్ల దగ్గరున్న ఎద్దుకొమ్ముల మీద 1700 అని ఉంటుంది, వాటికోసం అప్పట్లో వీధుల మధ్య కొట్లాట అయిందట. జులై మూడో వారంలో హంసల లెక్కింపు పడవలు సన్‌బరీ నుంచి బయల్దేరి శుక్రవారానికి ఇక్కడికి చేరతాయి. పిల్ల హంసల్ని పట్టి తూచి వదిలేస్తారు. రెండూ మీ వాళ్లున్నప్పుడే.

కౌలీ రోడ్:
సరే, తప్పు ఒప్పుకున్నా. ఏమైనా ఇంగ్లండ్‌లో ఎడతెగకుండా జనం ఉంటున్న అతి పాత ఊరు మనదే.

డిడ్‌కాట్ బాబాయ్:
ఆ మాట కోల్‌చెస్టర్‌లో అని చూడు. థాచమ్ వాళ్లదీ అదే పాట. నువ్వు ఉండేది ఆక్స్‌ఫర్డ్‌లో, ‘మనదే’ ఏమిటి?

ఆక్ స్ట్రీట్ బాధితుడు:
బాబాయ్, మీరుండేదీ డిడ్‌కాటే కదా. ఇంతకీ జాతర గురించి ఒక్క మాట. ఒకప్పుడు అది పాలేళ్లని ఏడాదికి కుదుర్చుకునే సంత. మన దగ్గర ఉగాదికి జీతగాళ్లని పెట్టుకున్నట్టే. వారం తర్వాత ఇంకో చిన్న జాతర, పేరు రనవే ఫెయిర్. యజమాని నచ్చక పారిపోయినవాళ్లు మళ్లీ పని వెతుక్కోవడానికట. నాకూ ఆ ఓనరు దగ్గర వారానికే అర్థమైంది, పారిపోవడానికి మాత్రం అగ్రిమెంటు అడ్డం.

రాడ్లీ అక్క:
ఒక్కటి మర్చిపోయా. ఆక్ అనేది వీధి పేరు మాత్రమే కాదు, థేమ్స్‌లో కలిసే చిన్న నది. 2007 జులైలో ఊళ్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అద్దెకి సంతకం పెట్టేముందు ప్రభుత్వ సైట్‌లో పోస్ట్‌కోడ్ కొట్టి వరద ముప్పు చూసుకో. స్టేషన్ ఎక్కడని వెతక్కు, ఊరికి ప్రయాణికుల రైలు 1963లోనే ఆగిపోయింది. రాడ్లీకో, డిడ్‌కాట్‌కో రావాల్సిందే.

రాజమండ్రి కొత్తవాడు:
అందరికీ చాలా థ్యాంక్స్. వరద మ్యాప్ చూశా, మా సందు పర్వాలేదు. కానీ ఆ సందు ఆక్ స్ట్రీట్‌కి ఆనుకునే ఉంది, మేం దిగేది సోమవారం సాయంత్రం. జాతర తేదీ ఇప్పుడే చూశా. ఆ సోమవారమే.

ఆక్ స్ట్రీట్ బాధితుడు:
తాళాలు ఆదివారమే ఇస్తారేమో ఏజెంట్‌ని అడగండి. కుదరకపోతే వెనక వీధి నుంచి దారి ఉందేమో కనుక్కుని, టాక్సీని అటు రమ్మనండి. పచ్చళ్లు ఏ సూట్‌కేసులో పెట్టారు?