అప్‌డేట్: కీబోర్డు అమ్ముడుపోయింది

పాత యమహా పీఎస్ఆర్-ఐ455 కీబోర్డు ఎంతకి పెట్టాలి, ప్రకటనలో ఏం రాయాలి అని అడిగాను కదా, అమ్మేశాను.

కొన్నప్పటి బిల్లు పక్కన పెట్టి, హైదరాబాద్‌లో ఇలాంటివి ఎంతకి పోతున్నాయో చూసి రూ.9,500 పెట్టాను. మనసులో అనుకున్నది 8,000. ఆ సందు ఉంచాల్సిందే. "ఫిక్స్‌డ్ రేట్" అని రాసినా "లాస్ట్ ఎంత అన్నా?" అనే అడుగుతారు.

మీరన్నట్టే ప్రకటనలో మొదట రాసిన "సూపర్ కండిషన్, అర్జెంట్ సేల్" తీసేసి ఇలా రాశా: "61 కీలు, అన్నీ పలుకుతున్నాయి. స్టాండ్ రాసుకుని అడుగున ఎడమవైపు గీతలున్నాయి. అడాప్టర్ కంపెనీది కాదు. ఇంటికొచ్చి వాయించి చూసుకోవచ్చు." గీతల ఫొటో దగ్గర్నుంచి తీసి పెట్టా. ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కో కీ నొక్కుతూ తీసిన వీడియో అయితే బాగా పనికొచ్చింది, దాని తర్వాత "పని చేస్తుందా?" అన్న మెసేజ్ ఒక్కటీ రాలేదు. "అర్జెంట్" ఉన్నన్నాళ్లూ మాత్రం సగం ధరకి అడిగినవాళ్లే.

ఒకాయన చూడకుండానే ఒప్పేసుకుని, డబ్బు పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడు. బ్లాక్ చేశా. యూపీఐలో డబ్బు మనకి రావడానికి పిన్ అక్కర్లేదు, తెలియనివాళ్లకి చెప్పండి.

చివరికి ఉప్పల్ నుంచి ఓ కుర్రాడు వచ్చి, కీబోర్డులోనే ఉన్న తబలా, తంబురా శబ్దాలు పెట్టుకుని తీరిగ్గా వాయించి, 8,700 ఇచ్చి తీసుకెళ్లాడు. కవర్ ఊరికే ఇచ్చేశా. స్టాండ్ అతనికి అక్కర్లేదట. ఎవరికైనా కావాలంటే 600, గీతలు దానిక్కూడా ఉన్నాయి.