రాయడం నేర్పే టీచర్లకు శిక్షణ ఎక్కడ దొరుకుతుంది? రిసోర్స్ పర్సన్ కావాలంటే దారేది?

మంజీర_టీచర్:

అందరికీ నమస్కారం. నేను మెదక్ వైపు ఒక జడ్పీ హైస్కూల్లో తెలుగు స్కూల్ అసిస్టెంట్‌ని. పిల్లల చేత సొంతంగా రాయించడం ఎలాగో నేర్పే శిక్షణ ఎక్కడైనా ఉందా అని చాలా రోజులుగా వెతుకుతున్నాను. చదివించడానికి, వ్యాకరణం చెప్పడానికి ఎంతో కొంత సాయం దొరుకుతోంది. స్వీయరచన దగ్గరికొచ్చేసరికి మాత్రం నేను వెళ్ళిన ప్రతి శిక్షణలోనూ "పిల్లలతో సొంత మాటల్లో రాయించండి" అని ఒక మాట చెప్పి తర్వాతి అంశానికి వెళ్ళిపోయారు. ఆ సొంత మాటలు రావాలంటే టీచర్ ఏం చేయాలన్నది ఎవరూ చేసి చూపించలేదు.

తొమ్మిదో తరగతిలో మీ ఊరి జాతర గురించి మిత్రునికి లేఖ రాయమంటే నోటుబుక్కులన్నీ "నేనిక్కడ క్షేమం, నీవక్కడ క్షేమమని తలుస్తాను" అని మొదలై, గైడులో ఉన్న జాతర దగ్గరే ఆగుతున్నాయి. అదే పిల్లలు శివరాత్రి తర్వాత ఏడుపాయల జాతర ముచ్చట్లు చెప్పుకుంటుంటే మనం పాఠం ఆపేసి వినాలనిపిస్తుంది. నోట్లో ఉన్నది కాగితం మీదికి రావడం లేదు.

ఇంకో సంగతి. ఈ పని మీద మండలంలోనో జిల్లాలోనో ఏదైనా బాధ్యత తీసుకోవాలని గట్టిగా ఉంది. డీఆర్పీగా, అంటే టీచర్లకు శిక్షణ ఇచ్చే జిల్లా రిసోర్స్ పర్సన్‌గా వెళ్ళాలంటే ఏం చేయాలి? కోర్సులు చేసి సర్టిఫికెట్లు పెట్టుకుంటే సరిపోతుందా?

పాత_పంతులు:

మేడమ్ గారూ, ముందు రెండో ప్రశ్నకు చెప్తాను. మన దగ్గర శిక్షణ పైనుంచి కిందికి దిగుతుంది. రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ ఎస్సార్పీలను (రాష్ట్ర స్థాయి రిసోర్స్ పర్సన్లను) తయారుచేస్తుంది, వాళ్ళు డీఆర్పీలకు, వాళ్ళు మళ్ళీ కింద ఉన్న టీచర్లకు చెప్తారు. మెట్టు దిగినకొద్దీ సరుకు పలచబడుతుంది, అందుకే మీకు చివరికి ఆ ఒక్క మాటే అందింది. డీఆర్పీల పేర్లు అడిగినప్పుడు జిల్లాలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఎక్కడో ఒకచోట పాఠం చెప్పి చూపించినవాళ్ళే. కాబట్టి చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్ నుంచి మొదలుపెట్టండి. మోడల్ లెసన్ ఎవరు చెప్తారని అడిగితే చాలామంది తలలు దించుకుంటారు, మీరు చెయ్యెత్తండి.

ఆ రోజు ఉపన్యాసం మాత్రం వద్దు. మీ పిల్లల నోటుబుక్కులే పట్టుకెళ్ళండి, ఒకే పిల్లవాడు రాసిన మొదటి కాపీ, రెండో కాపీ పక్కపక్కన పెట్టి చూపించండి. మా బడిలో ఏడో తరగతి అబ్బాయి "మా తాత మేకలు కాస్తాడు. ఆయన మంచివాడు" అని రాసి ఆపేశాడు. తప్పుల జోలికి పోకుండా పక్కన రెండే ప్రశ్నలు రాసిచ్చాను: తాత ఎన్ని గంటలకు బయల్దేరతాడు? వెంట ఏం పట్టుకుపోతాడు? మర్నాడు వాడు తెచ్చింది ఇదీ: "మా తాత కోడి కూయకముందే లేస్తడు. గొంగడి భుజాన ఏసుకుంటడు. సద్ది గిన్నె నేను అందిస్త. మేకలు ఆయన దగ్గు ఇనంగనే లేచి నిలబడ్తయ్." ఆ చివరి వాక్యం ఏ గైడులో దొరుకుతుంది చెప్పండి! దీన్ని పదిమంది టీచర్ల ముందు పెడితే మాట దానంతటదే నడుస్తుంది. "లేస్తడు" అన్నదాన్ని దిద్దాలా వద్దా అని తప్పకుండా గొడవ వస్తుంది, రానివ్వండి. నా మటుకు నేను మొదటి కాపీలో ముట్టుకోను. పరీక్షకు ఎలా రాయాలో తర్వాత విడిగా చెప్పొచ్చు, ముందు వాడి నోరు మూయించకూడదు.

శాక్రమెంటో_అక్క:

నేను కాలిఫోర్నియాలో మిడిల్ స్కూల్ ఇంగ్లిష్ టీచర్‌ని, సొంతూరు తెనాలి. ఇక్కడ సరిగ్గా మీరడిగిన పని మీదే నేషనల్ రైటింగ్ ప్రాజెక్ట్ అని ఒకటి ఉంది. 1974లో బర్క్‌లీ యూనివర్సిటీలో జేమ్స్ గ్రే అనే ఆయన తోటివాళ్ళతో కలిసి బే ఏరియా రైటింగ్ ప్రాజెక్ట్ పేరుతో మొదలుపెట్టారు, తర్వాత దేశమంతా పాకింది. దాని మూలసూత్రం ఒక్కటే: టీచర్లకు నేర్పాల్సింది టీచర్లే. వేసవి సెలవుల్లో కొన్ని వారాలు కూర్చోబెడతారు. ప్రతి టీచరూ తన క్లాసులో పనిచేసిన ఒక పాఠాన్ని మిగతావాళ్ళే పిల్లలనుకుని చేసి చూపించాలి. రోజూ తనూ ఏదో ఒకటి రాయాలి, నలుగురైదుగురు ఉన్న చిన్న గుంపులో చదివి వినిపించాలి. అలా పూర్తిచేసినవాళ్ళను టీచర్ కన్సల్టెంట్లంటారు, చుట్టుపక్కల బడుల్లో వర్క్‌షాపులు నడిపేది వాళ్ళే.

అందులో నన్ను బాగా కుదిపింది పాఠాలు కాదు, మనం రాయడం. నా పేరా చదివి అవతలివాళ్ళు ఏమంటారోనని టెన్షన్ పడుతుంటే, ఎర్ర పెన్నుతో నిండిపోయిన కాగితం తిరిగి అందుకునే పిల్ల పరిస్థితేంటో అప్పుడు అర్థమైంది. ఈ ప్రాజెక్టుకు 1991 నుంచి కేంద్ర ప్రభుత్వ నిధులు వచ్చేవి, 2011లో నేరుగా వచ్చే ఆ డబ్బు ఆగింది. అయినా నిలబడిందంటే కారణం టీచర్లు దాన్ని తమదనుకోవడమే. మీరు దీనికోసం అమెరికా రానక్కర్లేదు మేడమ్. నెలకో ఆదివారం ఐదారుగురు తెలుగు టీచర్లు ఒకరింట్లో కూర్చుని, తామూ ఒక పేజీ రాసి చదువుకుంటే చాలు, సగం ప్రాజెక్టు అదే.

గ్రామర్_గోపి:

పంతులు గారు చెప్పిందాంతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ కోర్సులను అంత పక్కన పెట్టొద్దు. జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం ప్రతి టీచరూ ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణలో ఉండాలి. ఎలాగూ చేయాల్సిందే కాబట్టి మనకు పనికొచ్చేవి ఏరుకుని చేయడం మంచిది. ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షాలో టీచర్ల కోసం నిష్ఠా లాంటి కోర్సులు ఉన్నాయి. వీడియో పక్కన నడిపించేసి క్విజ్ కొట్టేస్తే మాత్రం సర్టిఫికెట్ తప్ప ఏమీ రాదు, అది అందరికీ తెలిసిందే.

నాలాగా ఇంగ్లిష్ చెప్పేవాళ్ళకైతే హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీలో) దూరవిద్య ద్వారా ఇంగ్లిష్ బోధనలో పీజీ సర్టిఫికెట్, డిప్లొమా ఉన్నాయి. 1958లో పెట్టిన సంస్థ, ఇంగ్లిష్ టీచర్ల శిక్షణే దాని పుట్టుక. 1969లో చెన్నైలో మొదలైన ఇంగ్లిష్ టీచర్ల సంఘం ఎల్టాయ్‌కి వేరే ఊళ్ళలోనూ శాఖలున్నాయి, వాళ్ళ సమావేశాల్లో మామూలు స్కూల్ టీచర్ కూడా పేపర్ చదవొచ్చు. హైస్కూల్ టీచర్లను ఆరు వారాలు అమెరికా యూనివర్సిటీకి పంపే ఫుల్‌బ్రైట్ టీఈఏ అనే కార్యక్రమం కూడా ఉంది, ఈ ఏడాది నోటిఫికేషన్ ఉందో లేదో ఫుల్‌బ్రైట్ వ్యవహారాలు ఇక్కడ చూసే యూసీఫ్ సంస్థ వెబ్‌సైట్లో చూసుకోవాలి. తెలుగు టీచర్లకు మాత్రం ఇంత వరస లేదు, అది నాకు నిజంగా బాధ. మాతృభాషలో రాయడం దానంతటదే వచ్చేస్తుందనుకుంటారు. రాదు.

మంజీర_టీచర్:

అందరికీ చాలా థాంక్స్. అక్కా, ఆదివారం గుంపు మాట మా కాంప్లెక్స్‌లో ఇద్దరు మేడమ్‌లకు అప్పుడే ఫోన్ చేసి చెప్పాను, ఒకరు సరేనన్నారు, ఇంకొకరు "రాయడమా, నాకు రాదమ్మా" అంటూనే ఎక్కడ కలుద్దామని అడిగారు. పంతులు గారూ, ఒక్క సందేహం. కాంప్లెక్స్ మీటింగ్‌లో ఎజెండా ముందే వచ్చేస్తుంది కదా, అందులో నాకు సమయం ఎవరిస్తారు?

పాత_పంతులు:

మీటింగ్‌కు వారం ముందే కాంప్లెక్స్ హెడ్మాస్టర్ గారికి అరపేజీ కాగితం ఇవ్వండి. ఏ తరగతి, ఏ పాఠం, ఎంతసేపు, అంతే. నలభై నిమిషాలకు మించి అడగొద్దు. నోటుబుక్కులు చూపించేటప్పుడు పిల్లల పేర్లు కనపడకుండా కాగితం అంటించండి, ఆ పిల్లల్నీ ముందే అడగండి. అయ్యాక వచ్చినవాళ్ళ అభిప్రాయాలు వాళ్ళ చేతనే రాయించి ఆ కాగితాలు ఫైల్ చేసి ఉంచండి. రేపు మండలం నుంచి డీఆర్పీ పేర్లు అడిగినప్పుడు మీ హెడ్మాస్టర్ ఆ ఫైల్ పట్టుకునే మాట్లాడతారు.