రాత్రిపూట వైఫై, ఫోన్ ఆపేస్తే నిద్ర బాగుపడుతుందా?

ప్రశ్న (ఇందుకూరుపేట):
మావి రొయ్యల గుంటలు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు ఎలాగూ తగ్గిపోతుంది కాబట్టి, ఆ వేళ కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే, జనరేటరు వేయడం ఆలస్యమైన కొద్దీ రొయ్యలు చనిపోయే ప్రమాదం పెరుగుతుంది. అందుకని కాపలా మనిషి ఫోన్ చేస్తాడేమోనని ఫోన్‌ను దిండు పక్కనే ఉంచుకుంటాను. రొయ్యల ధరల గ్రూపుల్లో అర్ధరాత్రి దాకా సందేశాలు వస్తూనే ఉంటాయి, మోగినప్పుడల్లా చూస్తాను, ఆపై ఎంతకీ నిద్ర పట్టదు. వైఫై పెట్టె కూడా మంచం తలాపునే ఉంది. దాని తరంగాల వల్లే నిద్ర చెడుతోందని, అన్నీ ఆపి పడుకోమని బంధువులు చెబుతున్నారు. ఫోన్ ఆపేస్తే గుంటల సంగతి ఏమిటి?

జవాబు (ఒంగోలు):
తరంగాలను అనుమానించే ముందు వెలుతురును, మోతను చూడండి. వైఫై వాడేది ఎక్కువగా 2.4, 5 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలను. వాటికి ఎక్స్‌రేల మాదిరిగా అణువులను విడగొట్టేంత శక్తి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో రేడియో తరంగాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే వర్గంలో చేర్చిన మాట నిజమే కానీ, అది పరిమితమైన ఆధారాలతో క్యాన్సర్ గురించి చెప్పినది, నిద్ర గురించి కాదు. వెలుతురు సంగతి వేరు. కంటి రెటీనాలో నీలి కాంతికి స్పందించే ప్రత్యేక కణాలున్నాయి; రాత్రివేళ వాటిపై కాంతి పడితే మెదడు ఇంకా పగలే అనుకుని, నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ విడుదలను తగ్గిస్తుంది. అంతకన్నా పెద్ద కారణం, రేపటి ధర ఎంత పలుకుతుందోనన్న ఆలోచన అని నా అభిప్రాయం. ధర చూసి పడుకున్న మనసు ఎలా నెమ్మదిస్తుంది? వైఫై పెట్టెను హాల్లోకి మార్చండి, దాని మిణుకుమిణుకు దీపాలైనా కంట పడవు.

జవాబు (కావలి):
ఫోన్ ఆపవలసిన పని లేదు. ‘డోంట్ డిస్టర్బ్’ పెట్టి, కాపలా మనిషి నంబరునూ ఇంట్లోవాళ్ల నంబర్లనూ మాత్రం మినహాయించండి. సందేశాలు వచ్చినా చప్పుడు చేయవు, ఆ కాల్ మాత్రం మోగుతుంది. ఫ్లైట్ మోడ్ పెడితే మాత్రం అన్నీ మూతపడతాయి, అది మీకు పనికిరాదు. పడుకునే ముందు ఒకసారి ఆయన చేత ఫోన్ చేయించి, మోగుతోందో లేదో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
గుంటల దగ్గర సిగ్నల్ సరిగా అందక, ఆయన అక్కడి వైఫై మీద వాట్సాప్‌లోనే ఫోన్ చేస్తాడు. పడుకునేటప్పుడు నా ఫోన్‌లో ఇంటర్నెట్ ఆపితే ఆ కాల్ రాదు కదా?

జవాబు (కొత్తపట్నం):
రాదు. ఆ ఒక్క దారి మీదే ఆధారపడడం ఎలాగూ మంచిది కాదు, కరెంటు పోతే అక్కడి వైఫై పెట్టె కూడా ఆగిపోవచ్చు. గుంటల దగ్గర బాగా అందే కంపెనీ సిమ్ తీసి ఆయనకు ఇవ్వండి. మీరు మరో నంబరుతో ఒక కీప్యాడ్ ఫోన్ పెట్టుకుని, ఆ నంబరును ఆయనకు తప్ప ఎవరికీ ఇవ్వకండి. దాన్ని మోత పెంచి, చేయి చాస్తే అందనంత దూరంలో ఉంచండి. స్మార్ట్ ఫోన్‌ను పక్కగదిలో ఛార్జింగుకు పెట్టేయవచ్చు. కరెంటు పోగానే మన నంబరుకు తానే ఫోన్ చేసే సిమ్ పరికరాలు కూడా మోటార్ల దుకాణాల్లో దొరుకుతాయి. ఆయన కునుకు తీసినా అది మోగుతుంది.