'బ్లాకౌట్' చదివేశాను, 'ఆల్ క్లియర్' మొదలుపెట్టాలా? (రెండో భాగం స్పాయిలర్లు వద్దు)

హనుమకొండ పాఠకుడు:

అమెరికన్ రచయిత్రి కోనీ విల్లిస్ నవల 'బ్లాకౌట్' నిన్న రాత్రితో అయిపోయింది. పుస్తకం అయిపోయింది గానీ కథ అవలేదు. ఆఖరి పేజీ తిప్పితే వాక్యం మధ్యలో కరెంటు పోయినట్టుంది. 2010లో ఈ నవలని రెండు సంపుటాలుగా వేశారని, రెండోది 'ఆల్ క్లియర్' అని ఆ తర్వాతే తెలిసింది.

ఇదే రచయిత్రి 'డూమ్స్‌డే బుక్' చదివి చాలా ఏడ్చాను. 1348 నాటి ప్లేగు మధ్య చిక్కుకున్న కివ్రిన్‌ని ఇప్పటికీ మర్చిపోలేదు. అదే ఆశతో ఇది మొదలుపెట్టాను. 2060 ఆక్స్‌ఫర్డ్ నుంచి చరిత్ర విద్యార్థులు కాలయంత్రంలో రెండో ప్రపంచ యుద్ధంలోకి వెళ్తారు. పాలీ లండన్‌లో పెద్ద బట్టల షాపులో సేల్స్‌గర్ల్. ఐలీన్ పల్లెటూళ్లో ఓ బంగళాలో పనిమనిషిగా చేరి, లండన్ నుంచి తరలించిన పిల్లలతో వేగుతుంటుంది. మైక్ అమెరికన్ విలేకరి వేషంలో ఉంటాడు. ముగ్గురికీ తిరుగుదారి మూసుకుపోతుంది. అక్కడివరకూ ఊపిరి బిగబట్టి చదివాను. ఆ తర్వాత వందల పేజీలు ఒకరినొకరు వెతుక్కోవడమే. ఒకరు వచ్చేసరికి ఇంకొకరు అప్పుడే వెళ్లిపోయి ఉంటారు.

యుద్ధం ఎవరు గెలిచారో మనకి ముందే తెలుసు కదా. మరి టెన్షన్ ఎక్కడినుంచి రావాలి? ఇంకో పెద్ద సంపుటం చదవడానికి ఓపిక చేసుకోవచ్చా? చదివినవాళ్లు చెప్పండి.

తూర్పు లండన్ నుంచి:

తప్పకుండా చదవండి. నేను రెండూ రెండేసిసార్లు చదివాను. ఈ ఊళ్లో ఉండటం వల్ల ఇష్టం ఇంకొంచెం ఎక్కువేమో.

టెన్షన్ గెలుపోటముల్లో లేదండి. పాలీ మొదట్లో ఎంత ధైర్యంగా ఉంటుందో గుర్తుందా? ఏ రాత్రి ఏ వీధిలో బాంబు పడుతుందో ఆమెకి కంఠతా వచ్చు. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో జాన్ లూయిస్ షాపు నిజంగానే 1940 సెప్టెంబర్ 18న కాలిపోయింది. అలాంటి తేదీలన్నీ బుర్రలో ఉన్నాయి కాబట్టి షెల్టర్‌లో అందరూ వణుకుతుంటే ఆమె వాళ్లని గమనిస్తూ కూర్చోగలిగింది. కానీ ఆమె నేర్చుకున్నది ఆమె అక్కడ ఉండాల్సిన రోజుల వరకే. ఆ రోజులు దాటాక ఆమె కూడా పక్కనున్న ముసలావిడలాగే సైరన్ వినాలి, ఇవాళ మన వంతేమో అనుకోవాలి. గెలుస్తామని తెలిసినంత మాత్రాన, ఆ గెలుపు చూడటానికి ఐలీన్ ఉంటుందో లేదో తెలియదు కదా.

సెప్టెంబర్ 7న మొదలై లండన్ మీద వరసగా 57 రాత్రులు బాంబులు పడ్డాయి. మెట్రో స్టేషన్లలో తలదాచుకోవడానికి ప్రభుత్వం మొదట ఒప్పుకోలేదు. జనం టికెట్ కొనుక్కుని లోపలికెళ్లి, దుప్పట్లు పరుచుకుని ప్లాట్‌ఫారం మీదే పడుకున్నారు. ఆ తర్వాతే ప్రభుత్వం దిగివచ్చింది. ఇంట్లోవాళ్లు పనికి వెళ్లి తిరిగొచ్చారో లేదో తెలియడానికి వాళ్లకి ఏ దారీ లేదు. మీరు విసుక్కున్న ఆ వెతుకులాట అదే. రచయిత్రి కావాలనే మనల్ని అందులో ఇరికించిందని నా నమ్మకం.

రెండో భాగంలో 1940 డిసెంబర్ 29 రాత్రి వస్తుంది. అందులో ఎవరికి ఏమవుతుందో చెప్పను, చరిత్ర మాత్రం చెప్తాను. అది ఆదివారం. ఆఫీసులన్నీ తాళాలు వేసి ఉన్నాయి, కప్పుల మీద పడ్డ నిప్పు బాంబుల్ని ఆర్పే మనిషి లేడు. థేమ్స్ నది ఆ రాత్రి బాగా ఆటు మీద ఉండటంతో గొట్టాలకి నీళ్లందలేదు. సెయింట్ పాల్స్ చర్చి చుట్టూ వీధులకి వీధులే తగలబడ్డాయి. ఒక నిప్పు బాంబు గోపురం సీసపు రేకులో గుచ్చుకుని, రేకు కరిగాక జారి కింది వసారాలో పడింది. అక్కడ దాన్ని ఆర్పేశారు. లోపలికి పడి ఉంటే కొయ్య దూలాలు అంటుకుని గోపురం మిగిలేది కాదు. కాపాడింది ఇసక బకెట్లూ చేతి పంపులతో మెట్లెక్కి దిగిన వాలంటీర్లు. చర్చి పడమటి గుమ్మం దగ్గర నేలమీద వాళ్లని తలచుకునే రాతి ఫలకం ఉంది. టూరిస్టులు పైకి చూస్తూ దాని మీంచే నడిచి వెళ్తుంటారు. నేను మాత్రం చుట్టాలెవరు వచ్చినా ముందు అక్కడే ఆపుతాను.

అదే చర్చిలో హోల్మన్ హంట్ గీసిన క్రీస్తు బొమ్మ ఉంది. చేతిలో లాంతరు, ఎదురుగా కలుపు మొక్కలు అల్లుకున్న తలుపు, ఆ తలుపుకి బయట పిడి ఉండదు. నవలలో ఒక్కో పాత్రకి ఆ ముఖం ఒక్కోలా కనిపిస్తుంది. ఆ బొమ్మ వచ్చిన చోటల్లా నెమ్మదిగా చదవండి.

బెంగళూరు, సాఫ్ట్‌వేర్:

లండన్ అక్కయ్యగారితో నేను ఒప్పుకోను. వెతుకులాట కావాలనే పెట్టిందనుకుందాం. అందుకు రెండు సంపుటాలు కలిపి దాదాపు 1100 పేజీలు అక్కర్లేదు. మంచి ఎడిటర్ ఉంటే మూడోవంతు తగ్గేది. మూడు పాత్రలూ ఒకే రకంగా ఆలోచిస్తాయి. 'ఒకవేళ ఇలా జరిగిందేమో, ఒకవేళ అలా అయ్యుంటుందేమో' అని పేజీలకి పేజీలు. పైగా 2060లో కూడా ఆక్స్‌ఫర్డ్‌లో ఒకరి కోసం ఒకరు పరుగులు పెట్టడమేంటి, జేబులో ఫోన్ ఉండదా? 1979లో మొదలైన జూబిలీ మెట్రో లైన్‌ని 1940 లండన్‌లో పెట్టడం ఇంకా పెద్ద లోపం. కథ మొత్తం తేదీల మీద నిలబడినప్పుడు తేదీ తప్పితే నమ్మకం సడలుతుంది. హ్యూగో, నెబ్యులా అవార్డులు రెండూ వచ్చాయి కాబట్టి లోపాలు లేవనకూడదు.

అయినా హనుమకొండ తమ్ముడూ, ఇక్కడిదాకా వచ్చి వదిలేయకు. ముగింపు బాగుంటుంది. అది నేనూ ఒప్పుకుంటాను.

హనుమకొండ పాఠకుడు:

ఇద్దరికీ థాంక్స్ అండి. ఇంకో సందేహం. పాత పుస్తకాల రూలు ప్రకారం చరిత్ర మారిపోయే చోటికి యంత్రం మనిషిని వెళ్లనివ్వదు, దూరంగానో ఆలస్యంగానో దింపుతుంది. మరి మైక్, 1940లో బ్రిటిష్ సైన్యం చిక్కుకుపోయిన ఫ్రాన్స్ తీరం డన్‌కర్క్ దాకా ఎలా వెళ్లగలిగాడు? పడవ ప్రొపెల్లర్‌కి చిక్కుకున్నది తీయడానికి నీళ్లలోకి దిగి పాదం పోగొట్టుకున్నంత పని చేశాడు. నీ టార్చ్ వెలుగు చూసే బతికానని తర్వాత హార్డీ అనే సైనికుడు వచ్చి చెప్తాడు. అతను బతికాక ఇంకెందరినో కాపాడాడు. ఇది చరిత్ర మార్చడం కాదా? అక్కడినుంచి నాకు నిద్ర పట్టట్లేదు.

తూర్పు లండన్ నుంచి:

సీక్వెల్ అంతా ఆ ప్రశ్నకి జవాబే. అందుకే చెప్పను. ఒక్కటి గుర్తుంచుకోండి. డన్‌కర్క్ నుంచి 3,38,226 మంది సైనికుల్ని దాటించారు. వాళ్లలో కొందరిని తెచ్చినవి చేపల పడవలూ షికారు పడవలూ. ఆ పడవల్లో ఏ ఒక్క ముసలాయన ఇంట్లో ఉండిపోయినా లెక్క మారేది. 'మనం చరిత్ర మారుస్తున్నామా' అని మైక్ భయపడతాడు. అసలు అడగాల్సిన ప్రశ్న అదేనా అన్నది చూస్తూ చదవండి.

గాలి నింపిన రబ్బరు ట్యాంకుల్ని పొలంలో పెడుతుంటే ఎద్దు అడ్డొచ్చే అధ్యాయం మీకు తల తోక లేనట్టు అనిపించి ఉంటుంది. జర్మన్లు ఫ్రాన్స్‌లోని కలే రేవు వైపు చూస్తూ ఉండిపోవాలని 1944లో నిజంగానే అలాంటి ఉత్తుత్తి సైన్యాన్ని నిలబెట్టారు. ఆ అధ్యాయాలు దాటేయొద్దు, ప్లీజ్.

విశాఖ పాఠకురాలు:

తరలించిన పిల్లల భాగం నాకు ప్రాణం. ఆల్ఫ్, బిన్నీ ఎంత అల్లరివాళ్లో, వాళ్ల గురించి అంత భయపడ్డాను. ఆ రోజుల్లోనే పిల్లల్ని కెనడా తీసుకెళ్తున్న 'సిటీ ఆఫ్ బెనారస్' ఓడ 1940 సెప్టెంబర్ 17న టార్పెడో దెబ్బకి మునిగి, తరలిస్తున్న 90 మంది పిల్లల్లో 77 మంది పోయారు. ఆ ఓడ సిబ్బందిలో చాలామంది మనదేశపు నావికులు, వాళ్లలోనూ ఎందరో పోయారు. ఆ యుద్ధం గురించి ఏ నవల చదివినా వాళ్ల కోసం వెతుకుతాను, దాదాపు ఎక్కడా కనిపించరు. 1942 ఏప్రిల్ 6న మా విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి, జనం ఊరు వదిలి పోయారు. ఎవరైనా ఆ రోజుల్లోకి ఒక తెలుగు విద్యార్థిని పంపి నవల రాస్తే బాగుండు. పోర్టులో కూలీగా పంపండి, కలెక్టరుగా వద్దు.

హనుమకొండ పాఠకుడు:

సరే, 'ఆల్ క్లియర్' ఆర్డర్ పెట్టేశాను. వచ్చేలోపు విల్లిస్‌దే 'ఫైర్ వాచ్' అనే కథ చదవమని వేరేచోట ఎవరో అన్నారు. ముందు చదవాలా, తర్వాతా?

తూర్పు లండన్ నుంచి:

ముందే చదవండి. 1982లో వచ్చిన చిన్న కథ, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. అందులో బార్తొలొమ్యూ అనే విద్యార్థిని సెయింట్ పాల్స్ కాపలాకి పంపుతారు. ఆ పేరు తెలిసి ఉంటే 'ఆల్ క్లియర్'లో డిసెంబర్ 29 వచ్చేసరికి పాలీవాళ్లు ఎవరి కోసం పరిగెడుతున్నారో మీకు ముందే తెలుస్తుంది. ఆ అధ్యాయాలు అయ్యాక ఇక్కడికి రండి, స్పాయిలర్లతోనే మాట్లాడుకుందాం.