పాత వలల సీసం గుండ్లు మళ్ళీ కట్టుకోవచ్చా?

బ్యాక్‌వాటర్ పిల్లగాడు:
అందరికీ నమస్తే. మాది దేవరకొండ దాటినంక సాగర్ బ్యాక్‌వాటర్ పక్కన ఊరు. మా నాయన వాడిన రెండు విసురు వలలు అటక మీద పడి ఉన్నాయి. దారం పట్టుకుంటే పుటుక్కున తెగుతోంది కానీ అంచుకున్న సీసం గుండ్లు గట్టిగానే ఉన్నాయి, కోసి తూకం వేస్తే నాలుగు కిలోల పైనే వచ్చాయి. మృగశిర లోపు కొత్త వల కట్టుకుందామని ఉంది. గుండ్ల మీద సున్నం లాగా తెల్లగా పట్టింది, కొన్ని నొక్కుకుపోయి రంధ్రం మూసుకుపోయింది. అమ్మ ఇత్తడి బిందెల్లాగ చింతపండుతో తోమిస్తానంటోంది, పక్కింటాయన పాత బ్యాటరీ సీసం కూడా కలిపి కరిగించి కొత్తవి పోసుకొమ్మంటున్నాడు. ఏం చేయమంటారు?

కోయిల్‌సాగర్ కాక:
ముందు అమ్మను ఆపు తమ్మీ. పులుపు ఏదైనా సీసాన్ని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది, ఆ నీళ్ళు విషమే, పైగా ఆమె తోమేది వంటింటి దగ్గర. ఆ తెల్లటిది గాలికీ తడికీ సీసం మీద కట్టిన పొర. గుండు తళతళ మెరవాల్సిన పనేముంది, చేప దాన్ని చూసి వస్తుందా? పొడిపొడిగా రాలేది పోతే చాలు. ఎండు గుండ్లను గీకొద్దు, ఇసుక కాగితం అసలే వద్దు, ఆ దుమ్మే లోపలికి పోయేది. పాత బకెట్లో సర్ఫు నీళ్ళు పోసి, గుండ్లు మునిగి ఉండగానే ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్దు, చేతికి రబ్బరు గ్లౌజులు. ఆ నీళ్ళు బోరు పక్కన, చెరువు గట్టున పారబోయకు.

జూరాల మామ:
ఇంత భయం దేనికో. మా తాత ఇంటి వెనక ఇనుప మూకుట్లో కరిగించి ఇసుకలో పోసేవాడు, 80 ఏళ్ళు బతికాడు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, నాలుగు కట్టెలు చాలు.

కోయిల్‌సాగర్ కాక:
మామా, తాత బతికాడు సరే, ఆ పెరట్లో ఆడుకున్న పిల్లల రక్తం ఎవరన్నా పరీక్ష చేయించారా? పిల్లలకు ఇంత సీసమైతే ఫర్వాలేదు అనే లెక్కే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కట్టెల మంట 327 దగ్గర ఆగుతుందా? వేడి పెరిగేకొద్దీ పొగ పెరుగుతుంది, పైన తేలే తెట్టు తీసేటప్పుడు లేచే బూడిద ఇంకో తంటా. రంధ్రంలో నీటి చుక్క ఉన్న గుండు కరిగిన సీసంలో పడిందో, ఆవిరి ఒక్కసారి పేలి సీసం మొహం మీదికి చిమ్ముతుంది. బ్యాటరీ పలకలైతే యాసిడ్, యాంటిమొనీ అనే ఇంకో లోహం కూడా ఉంటాయి. పాత బ్యాటరీ తిరిగి షాపుకే ఇచ్చేయ్, కొత్తదాని మీద డబ్బులు తగ్గిస్తారు.

సోమశిల అక్క:
అసలు సంగతి ఎవరూ అడగలేదు. మా ఇంటాయన వల విసిరేముందు అంచును పళ్ళతో పట్టుకుంటాడు, మీరు కూడా అంతే కదా? గుండు శుభ్రంగా తోమినా అది సీసమే, నోట్లోకి పోయేది పోతూనే ఉంటుంది. మేము పోయినేడు ఇనుప గుండ్లకు మారాం. సీసం ఇనుముకన్నా ఒకటిన్నర రెట్లకు దగ్గరగా బరువు, అందుకే వల కొంచెం నెమ్మదిగా మునుగుతోందని ఆయన ఇంకా గొణుగుతూనే ఉన్నాడు, కానీ లోతు తక్కువున్న చోట తేడా తెలీలేదు. ఇంగ్లండులో హంసలు మింగి చస్తున్నాయని చిన్న సీసం గుండ్లను 1987లోనే ఆపేశారు. మన దగ్గర కొంగలున్నాయి.

బ్యాక్‌వాటర్ పిల్లగాడు:
అక్కా, పళ్ళ సంగతి చదివి ఒక్క నిమిషం ఆగిపోయాను, నాయన కూడా అట్లనే పట్టుకునేవాడు. నిన్న బకెట్లో కడిగాను, నీళ్ళు బూడిద రంగుకు తిరిగాయి. నొక్కుకుపోయినవి కిలో పైనే తేలాయి, వాటిని పాతసామాను ఆయనకు ఇచ్చేశాను. మిగతా వాటితో ఒక వలే కడుతున్నాను, అంచు నోట్లో పెట్టకుండా మోచేతి మీద వేసుకుని విసరడం నేర్చుకోవాలి. మొదటి రెండు విసుర్లకు వల విచ్చుకోకుండా ముద్దలాగ పడింది, ఒడ్డు మీద పిల్లలు ఒకటే నవ్వు.