ఆదివారం తర్వాత సోమవారమే ఎందుకు? "వారం" అనే మాట గురించి

నిన్న ఇక్కడ ఒకరు జీకే ప్రశ్న పెట్టారు, "మొదటి రోజుకి ఆదివారం అనే పేరు ఎందుకొచ్చింది?" అని. కింద జవాబు కూడా ఇచ్చారు: ఆది అంటే మొదలు కాబట్టి. చాలామంది సరే అన్నారు. అది తప్పండీ. ఇదే జవాబు పిల్లల పుస్తకాల్లో కూడా చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది, ఎందుకంటే ఆ చిన్న తప్పు వెనక చాలా పెద్ద విషయం ఒకటి కనపడకుండా పోతోంది.

ఆదివారంలో ఉన్నది ఆదిత్యుడు. ఆదిత్యవారం జనం నోట్లో నలిగి నలిగి ఆదివారం అయింది. తెలంగాణలో ఐతారం అంటారు కదా, ఆదిత్యలోని "త" అక్కడ ఇంకా నిలిచే ఉంది. సంకల్పంలో భానువాసరః అని చెప్తారు, ఆ మాటలో "ఆది" ఊసే లేదు. మిగతా ఆరు రోజులూ అంతే, అన్నీ గ్రహాలే. ఇందువాసరం, భౌమవాసరం, సౌమ్యవాసరం (సోముడి కొడుకు కాబట్టి బుధుడు సౌమ్యుడు), గురువాసరం, భృగువాసరం, స్థిరవాసరం. బేస్తవారం అంటే బృహస్పతివారమే.

ఇక "వారం". మనం ఈ ఒక్క మాటని రెండు అర్థాల్లో వాడతాం. "ఈ రోజు ఏ వారం?" అంటే ఒక రోజు. "వారం పట్టింది" అంటే ఏడు రోజులు. సంస్కృతంలో వార అంటే వంతు, సారి. ఏకవారం అంటే ఒక్కసారి, హిందీలో ఏక్ బార్ అనేదీ ఇక్కడి నుంచే. తెలుగులో ఈ పాత అర్థం పూర్తిగా పోలేదు, వెనకటి కథల్లో వారాలబ్బాయి ఉంటాడు గుర్తుందా, రోజుకో ఇంట్లో వంతు ప్రకారం భోంచేసి చదువుకునే కుర్రాడు, ఆ వారాలు ఈ వారమే. కాబట్టి ఆదివారం అంటే సూర్యుడి వంతు, సోమవారం అంటే చంద్రుడి వంతు.

మరి ఈ వంతులు ఈ వరసలోనే ఎందుకు వచ్చాయి? అసలు ప్రశ్న ఇదీ. సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని: దూరం చూసినా, వెలుగు చూసినా, సైజు చూసినా ఈ వరస ఎక్కడా కుదరదు. నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న సందేహం ఇది. ఆర్యభటుడి ఒక్క శ్లోకంతో తీరిపోయింది. ఆర్యభటీయం, కాలక్రియాపాదం, 16వ శ్లోకం:

సప్తైతే హోరేశాః శనైశ్చరాద్యా యథాక్రమం శీఘ్రాః
శీఘ్రక్రమాచ్చతుర్థా భవంతి సూర్యోదయాద్దినపాః

శని మొదలుకొని ఒకరికంటే ఒకరు వేగంగా నడిచే ఈ ఏడుగురూ హోరలకి (అంటే గంటలకి) అధిపతులు. ఆ వేగం వరసలో నాలుగోవాడు, నాలుగోవాడు చొప్పున సూర్యోదయం నుంచి రోజుకి అధిపతి అవుతాడు అని భావం. ఇదే పాదంలో కొంచెం ముందు, కలియుగంలో 3600 ఏళ్ళు గడిచేసరికి తనకి 23 ఏళ్ళని కూడా చెప్పుకున్నాడు, అంటే మన లెక్కలో క్రీ.శ. 499.

ముందు వేగం వరస చూద్దాం. శనైశ్చరుడు అంటేనే మెల్లగా నడిచేవాడు, ఆయనకి మందుడని ఇంకో పేరు కూడా ఉంది. ఒక చుట్టు తిరగడానికి శనికి దాదాపు 29.5 ఏళ్ళు, గురుడికి 12 ఏళ్ళకి కాస్త తక్కువ, కుజుడికి 687 రోజులు, సూర్యుడు రాశిచక్రం చుట్టి రావడానికి 365, శుక్రుడికి 225, బుధుడికి 88, చంద్రుడికి 27 రోజుల పైన. (పుష్కరం అంటే 12 ఏళ్ళు కావడం గురుడి నడక వల్లే. ఏలినాటి శని ఏడున్నరేళ్ళు కావడం శని నడక వల్ల, ఒక రాశికి రెండున్నర చొప్పున మూడు రాశులు.) సో వరస ఇదీ: శని, గురు, కుజ, సూర్య, శుక్ర, బుధ, చంద్ర.

రోజుకి 24 హోరలు. గంటకొకరు చొప్పున ఈ ఏడుగురూ తిరుగుతూ ఉంటారు, మొదటి గంట ఎవరిదైతే ఆ రోజు పేరు వారిదే. శనివారం మొదటి గంట శనిది, ఆ తర్వాత 8, 15, 22 గంటలూ ఆయనవే. 23వది గురుడిది, 24వది కుజుడిది. అక్కడితో రోజు అయిపోయింది. తర్వాతి గంట, అంటే మర్నాడు సూర్యోదయం, సూర్యుడిది. ఆదివారం! అక్కణ్ణుంచి మళ్ళీ లెక్కపెట్టండి, 22వది సూర్యుడిది, 23వది శుక్రుడిది, 24వది బుధుడిది, మర్నాడు మొదటి గంట చంద్రుడిది. మిగతా రోజులు మీరే వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి, చివరికి మళ్ళీ శని దగ్గరికి వచ్చి ఆగుతుంది. 24ని 7తో భాగిస్తే 3 మిగులుతుంది, అంతే. మొదలుపెట్టినవాణ్ణి కూడా కలుపుకొని లెక్కిస్తారు కాబట్టి శ్లోకంలో "చతుర్థ" అన్నాడు.

వ్యాఖ్య: బాగుందండీ. కానీ మన పాత లెక్కలో రోజుకి 60 ఘడియలు కదా, 24 గంటలు ఎక్కడివి?

నా జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగారు, అసలు గుట్టు అక్కడే ఉంది. ఘడియకి ఒకరు చొప్పున అదే వరసలో తిప్పి చూడండి. 60ని 7తో భాగిస్తే 4 మిగులుతుంది. శని రోజు తర్వాత వచ్చేది శుక్రుడు, ఆ తర్వాత గురుడు, బుధుడు, కుజుడు, చంద్రుడు, సూర్యుడు. చూశారా, వారం మొత్తం వెనక్కి నడుస్తుంది! శనివారం తర్వాత శుక్రవారం, దాని తర్వాత గురువారం. అంటే మనం రోజూ చెప్పుకునే ఈ వరస ఘడియల లెక్కలో పుట్టలేదు, రోజుని 24 భాగాలు చేసిన లెక్కలోనే పుట్టిందని ఆ వరసే చెప్తోంది. ఇది మొదటిసారి కాగితం మీద వేసి చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

హోర అనే మాట గ్రీకు "హోరా" నుంచి వచ్చింది. ఇంగ్లీషు అవర్ కూడా అదే మాట, లాటిన్, ఫ్రెంచి మీదుగా వెళ్ళింది. కాబట్టి హోర, అవర్ అక్కాచెల్లెళ్ళు. అహోరాత్రలో మొదటి అక్షరం, చివరి అక్షరం తీసేస్తే హోర అవుతుందని కొందరంటారు, పాతకాలపు జ్యోతిష్కుడు వరాహమిహిరుడు తన బృహజ్జాతకం అనే గ్రంథంలో ఆ మాట రాశాడు. అయితే "ఏకే", అంటే కొందరు, అని చేర్చాడు, అది గమనించాలి. ఆయన గ్రీకు మాటలు దాచలేదు, అదే గ్రంథంలో మేషానికి క్రియ, వృషభానికి తావురి అని గ్రీకు పేర్లే ఇచ్చాడు. యవనులు (గ్రీకులు) మ్లేచ్ఛులే అయినా ఈ శాస్త్రం వాళ్ళ దగ్గర బాగా నిలిచింది కాబట్టి వాళ్ళని కూడా ఋషుల్లాగే గౌరవిస్తారనే శ్లోకం ఆయనదే ఇంకో గ్రంథం బృహత్సంహితలో ఉంది. కేంద్రం అనే మాట కూడా గ్రీకు "కెంట్రాన్" నుంచే వచ్చింది, మొన అని దానికి అర్థం. కేంద్ర ప్రభుత్వం అన్నప్పుడల్లా మనం పలుకుతున్నది ఆ మాటే.

వ్యాఖ్య: అయితే వారాలు మనవి కావా?

నా జవాబు: మనవి కావని నేను అనడం లేదండీ, పదిహేను వందల ఏళ్ళకి పైగా వాడుకున్నాక ఇంకా పరాయివి ఏమిటి? కాకపోతే ఇవి ఒకప్పుడు లేవు, తర్వాత వచ్చాయి, అది ఒప్పుకోవాలి. మన పాత ఖగోళ గ్రంథం వేదాంగ జ్యోతిషంలో తిథి ఉంది, నక్షత్రం ఉంది, వారం లేదు. వారం పేరుతో తేదీ వేసిన మన శాసనాల్లో అతి పాతదిగా సాధారణంగా చెప్పేది మధ్యప్రదేశ్‌లోని ఏరణ్ స్తంభ శాసనం. గుప్త రాజు బుధగుప్తుడి కాలం, గుప్త సంవత్సరం 165, ఆషాఢ శుద్ధ ద్వాదశి, దేవతల గురువు రోజు. అంటే క్రీ.శ. 484లో ఒక గురువారం. అటు రోమన్ల పాంపే నగరం క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పడిపోయేటప్పటికే అక్కడి గోడ మీద శని నుంచి మొదలుపెట్టి దేవతల రోజులు రాసి ఉన్నాయి. మూడో శతాబ్దం మొదట్లో కాసియస్ డియో అనే రోమన్ చరిత్రకారుడు, రోజుల పేర్లకి కారణం ఇదంటారని ఈ 24 గంటల లెక్కనే వివరించాడు.

ఈ వరస ఇటూ అటూ ఎంత దూరం వెళ్ళిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఫ్రెంచిలో మార్ది, మెర్‌క్రెది, జూది, వాంద్రెది అంటే కుజ, బుధ, గురు, శుక్రుల రోజులే. ఇంగ్లీషువాళ్ళు రోమన్ దేవతల చోట్ల తమ పాత దేవతల్ని పెట్టుకున్నారు, గురుడి చోట థోర్, అదే థర్స్‌డే. జపాన్‌లో మంగళవారం కాయోబి, నిప్పు రోజు. వాళ్ళకి కుజుడు నిప్పు నక్షత్రం, మన అంగారకుడి లాగే. భాష మారింది, దేవుళ్ళు మారారు, వరస ఎక్కడా తప్పలేదు.

వ్యాఖ్య: పోర్చుగీసులో రెండో రోజు, మూడో రోజు అని అంకెలతో పిలుస్తారు కదా?

నా జవాబు: అవునండీ, గ్రహాల పేర్లు వద్దనుకుని క్రైస్తవ సంఘం పెట్టుకున్న లెక్క అది. వాళ్ళ సోమవారం "సెగుందా ఫెయ్‌రా", రెండోది. ఆదివారాన్ని మొదటిదిగా లెక్కపెట్టడం అక్కడ ఉంది. మన పేర్లలో మాత్రం అంకె ఎక్కడా లేదు, అందుకే "ఆది అంటే మొదలు" అనే జవాబు నాకు అంత ఇబ్బందిగా అనిపించింది.

ప్రశ్న పెట్టినవారికి ఒక మనవి. పోస్టు తీసెయ్యకండి, ప్రశ్న మంచిదే. జవాబు దగ్గర మాత్రం "ఆదిత్యుని వంతు" అని మార్చండి చాలు.