సమస్య: "పట్టె లేని బాతు పట్టెతలది"

నిర్వాహకులు: విశాఖ చుట్టుపక్కల కొండకర్ల ఆవ చెరువులోనో మేఘాద్రిగెడ్డ జలాశయం దగ్గరో పట్టెతల బాతు, అదే బార్‌హెడెడ్ గూస్, కనబడిందని కబురొస్తే చాలు, "నెత్తిన రెండు నల్ల పట్టెలున్నాయా?" అని అడుగుతున్నారు. లేవంటే అది కాదని కొట్టిపారేస్తున్నారు. ఆ వాదనలోంచే ఈ పాదం తట్టింది. పూరించండి.

ఆవగట్టు:
తల్లి వెంట వచ్చె దవ్వుల కూనమ్మ
నెత్తిమీద గీత నేఁడు లేదు
వచ్చునేఁటి కవియె వచ్చును జంటగా
పట్టె లేని బాతు పట్టెతలది

సింహగిరి: కీలకం పట్టేశారు. తొలి చలికాలపు కూనకు నెత్తి నుంచి మెడ వెనక దాకా బూడిద కలిసిన గోధుమ రంగే, పట్టెలుండవు. ఆ చలికాలమంతా తల్లిదండ్రులను వదలదు కూడా. కాబట్టి పక్కనున్న పెద్దవాటిని చూడమన్న మొదటి పాదమే నాకు ఎక్కువ నచ్చింది.

భీమిలిరేవు: ఊహ బాగుంది. కానీ "నేఁడు" అన్న వెంటనే "వచ్చునేఁటికి" అంటే చదువరి ఇవాళ్టికనుకోడూ?

ఆవగట్టు: "వచ్చు", "ఏఁటికి" అని విడదీయండి సార్. వచ్చే ఏడాదికని. మీ పూరణ ఏదీ?

భీమిలిరేవు: ఇదిగో. పట్టె తల మీదే ఉండాలని ఎవరన్నారు?
మెడకు పట్టె తొడిగి మెల్లగా విడిచిరి
మంగొలీయ వారు మంచి కొఱకు
అట్టి దొకటి గాంచి యనఁబోకు వేఱని
పట్టె లేని బాతు పట్టెతలది

నిర్వాహకులు: భలే మలుపు! మంగోలియాలో మెడపట్టె తొడిగిన బాతులు మన దక్షిణాది చెరువుల్లో కనబడ్డాయి. పట్టె మీది అక్షరాలు చదివితే ఏ పక్షో తేలుతుంది.

ఆవగట్టు: మలుపు సరే, మంగోలియాను ఏం చేశారండీ! "గో"ను కుదించి "లి"ని సాగదీశారు. "మంచునేలవారు మరల నెఱుగ" అనండి. యతీ నిలుస్తుంది, పట్టె ఎందుకు వేశారో కూడా తెలుస్తుంది. మునుపటి తేలినీలాపురం సమస్యలోనూ మీరింతే, గూడబాతు, అదే పెలికాన్, గూటిని తుంగలో పెట్టారు. అది చెట్ల మీద కడుతుంది.

భీమిలిరేవు: అక్కడ ప్రాస "ంగ". మీరైతే ఆ కందం పూర్తే చెయ్యలేదు. "మరల నెఱుగ" మాత్రం తీసుకుంటున్నాను, బాగుంది.

సింహగిరి: నాదీ ఒకటి.
కొండకర్ల యావ గట్టున మేసెడు
ముక్కు కాలు రెండు ముదురుపసుపు
రోజవన్నె ముక్కు రూఢిగా వేఱయ్య
పట్టె లేని బాతు పట్టెతలది

ఆవగట్టు: మూడో పాదం అసలైన పనికొచ్చే పాదం. పట్టెల్లేని బూడిద బాతును చూడగానే గ్రేలాగ్ అనే వేరే జాతి బాతనేస్తారు. గ్రేలాగ్‌కు ముక్కూ కాళ్ళూ గులాబీ, ముక్కు లావు, ఒళ్ళు బరువు. పట్టెతలది సన్నం, ఒంటి బూడిద బాగా లేత. మీ పూరణలోనే ఆ తేడా చెప్పారు, సంతోషం.

భీమిలిరేవు: సంతోషం సరే, యతి? "కొ"కు "గ" కుదరదు. "కొసగట్టు మేసెడు" అంటే సరి. ఇంకోటి, ముదురుపసుపు పెద్దవాటికి. కూనకు ముక్కూ కాళ్ళూ వెలిసినట్టు పాలిపోయి ఉంటాయి. "మునుపె పసుపు" అనండి, పట్టెలు రాకముందే పసుపని.

నిర్వాహకులు: రెండు సవరణలూ ఒప్పుకుంటున్నాం. ఆవ వైపు వెళ్ళేవాళ్ళు ఎండను వీపుకు పెట్టుకుని, ముక్కూ కాళ్ళూ ఒకే ఫొటోలో పడేలా తియ్యండి. ఎదురెండలో గులాబీ, పసుపు రెండూ నల్లగానే పడతాయి. గడ్డిలో కాళ్ళు మునిగితే నీటి అంచుకు వచ్చేదాకా ఆగండి. దగ్గరికి వెళ్ళి లేపొద్దు.